పాట పాడి డబ్బు కట్టని బిడ్డర్‌తో ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "నా డాట్ కామ్ పేరు (వెబ్‌సైట్ చిరునామా, అంటే డొమైన్) ఒకటి వేలంలో పెట్టాను. 2,150 డాలర్ల దగ్గర పాట ఆగింది. గెలిచినతను తొమ్మిది రోజులైనా డబ్బు కట్టలేదు. ఒకసారి 'రేపు కడతా' అన్నాడు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. రెండో బిడ్డర్ 2,100 దగ్గర ఆగిపోయాడు. అతన్ని అదే ధరకు తీసుకోమని అడగొచ్చా? గెలిచినవాడి మీద కేసు వేయొచ్చా? ముందు డొమైన్ అతని అకౌంట్‌లోకి మార్చేస్తే నమ్మకం కుదిరి కడతాడని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా అన్నా? ఆ పేరు గడువు కూడా వచ్చే నెలలోనే అయిపోతోంది, టెన్షన్‌గా ఉంది."

మీ ఫ్రెండ్ మాటకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఇవాళ రాత్రి మీరు చేయగలిగే పెద్ద తప్పు అదొక్కటే. మార్చొద్దు. డబ్బు వచ్చి, అది వెనక్కి పోదని తేలేదాకా డొమైన్ ఎక్కడున్నది అక్కడే ఉండాలి, లాక్ వేసే ఉండాలి. ట్రాన్స్‌ఫర్ కోడ్ (పేరును వేరేచోటికి మార్చుకోవడానికి కావాల్సిన రహస్య కోడ్) కూడా ఇవ్వొద్దు. "కోడే కదా, డొమైన్ ఇంకా నా దగ్గరే ఉంది" అనుకుంటారు కొందరు. కోడ్ ఇవ్వడమంటే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే. ఒకే రిజిస్ట్రార్‌లో (పేర్లు నమోదు చేసే కంపెనీలో) ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి పేరు మారడానికి నిమిషం చాలు. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది, అసలు రాకపోవచ్చు కూడా. తర్వాత ఎవరో ఒకరు "యూడీఆర్‌పీ కేసు వేయండి" అంటారు. అది 1999 నుంచి ఉన్న పద్ధతే, కానీ ట్రేడ్‌మార్క్ తగాదాల కోసం పెట్టింది. అమ్మిన డబ్బు రాలేదన్న గొడవకు అది పనికిరాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. నేను 2008 నుంచి పేర్లు కొని అమ్ముతున్నాను. ఎగ్గొట్టినవాళ్లను చాలామందిని చూశాను. మొదట్లో అందరూ మోసగాళ్లే అనుకుని కోపంతో మెసేజ్‌లు పెట్టేవాణ్ణి. తర్వాత తెలిసింది ఏమిటంటే, వీళ్లలో మంచి భాగం కడదామనుకుని కట్టలేకపోయినవాళ్లు. ముఖ్యంగా మన దేశంలో కొనేవాళ్లు.

కారణం చాలా చిన్నది. రిజర్వ్ బ్యాంక్ నిబంధన వల్ల 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు, ఆన్‌లైన్ లావాదేవీలు ఆపేసి ఇస్తున్నారు. యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి, లిమిట్ పెట్టుకోవాలి. కుర్రాడు రాత్రి పదకొండింటికి ఉత్సాహంగా పాట గెలుస్తాడు, కార్డ్ పెడతాడు, డిక్లైన్ అవుతుంది. ఇంకో కార్డ్, అదీ డిక్లైన్. బ్యాంకుకు వెళ్లి వైర్ పంపుదామంటే కౌంటర్‌లో ఆయన "దేనికి పంపుతున్నారు, ఇన్వాయిస్ ఏది, పర్పస్ కోడ్ ఏం రాయాలి" అని అడుగుతాడు. డొమైన్ అంటే ఏమిటో ఆయనకు వివరించేసరికి లంచ్ టైమ్ అయిపోతుంది. రెండు రోజులు తిరిగాక కుర్రాడికి సిగ్గేస్తుంది, మీ మెసేజ్‌లు తెరవడం మానేస్తాడు. మీకు కనిపించేది మౌనం మాత్రమే. మీవాడు "రేపు కడతా" అన్నాడంటే ఈ రకం అయ్యే అవకాశం బాగానే ఉంది. పూర్తిగా ఎగ్గొట్టాలనుకున్నవాడు సాధారణంగా ఆ మాట కూడా అనడు.

అందుకే నా మొదటి మెసేజ్‌లో బెదిరింపు ఉండదు. దాదాపు ఇలా రాస్తాను: "నమస్తే. మీరు గెలిచిన పేరుకు పేమెంట్ ఇంకా రాలేదు. కార్డ్ దగ్గర ఏమైనా ఇబ్బంది ఉందా? ఉంటే చెప్పండి, వైర్ ద్వారా కట్టే అవకాశం ఉందేమో సైట్ వాళ్లను నేను కూడా అడుగుతాను. వద్దనుకుంటే అదీ చెప్పేయండి, నేను ఏమీ అనుకోను. గురువారం సాయంత్రం ఆరింటిదాకా చూసి తర్వాత రద్దు కోసం రాస్తాను." ఇందులో పనిచేసే వాక్యం "వద్దనుకుంటే అదీ చెప్పేయండి" అన్నది. తప్పుకోవడానికి మర్యాదైన దారి చూపిస్తే చాలామంది ఆ రోజే నిజం చెప్పేస్తారు. మీకు కావాల్సింది అదే. కట్టడో లేదో తెలియని పది రోజుల కన్నా, కట్టనని తెలిసిన ఒక్క రోజు మేలు.

గడువు రోజుల్లో కాకుండా వారం పేరుతో, టైముతో సహా రాయండి. "త్వరగా కట్టండి" అంటే ఎవరూ కదలరు. వాయిదా ఒక్కసారే ఇవ్వండి. రెండోసారి ఇచ్చారంటే మూడోది కూడా మీరే ఇస్తారు, నా అనుభవం అది.

మిగతా రకాల గురించి క్లుప్తంగా. చివరి ఐదు నిమిషాల్లో పాట పెరిగితే గడువు మళ్లీ ఐదు నిమిషాలు పొడిగించే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఆ వేడిలో పట్టుదలకు పోయి పాడేసి, పొద్దున్నే లేచి లెక్క చూసుకుని కళ్లు తేలేసేవాళ్లు ఒక రకం. ఇంకో రకం చేతిలో పైసా లేకుండా గెలిచి, కట్టాల్సిన గడువులోపే ఆ పేరును ఇంకొకరికి ఎక్కువకు అమ్మేద్దామని చూసే బేరగాళ్లు. కొనేవాడు దొరికితే మీకు డబ్బు వస్తుంది, దొరక్కపోతే మాయమవుతారు. 2015 చివర్లో చైనా కొనుగోలుదారుల జోరుతో పొట్టి పేర్ల ధరలు ఆకాశానికి వెళ్లినప్పుడు ఈ రకం ఎక్కడ చూసినా ఉండేవాళ్లు. మరుసటి ఏడాది ధరలు దిగగానే ఫోన్లు ఎత్తడం మానేశారు. మూడో రకం, గెలిచాక పేరు చరిత్ర చూసుకునేవాళ్లు. పాత వెబ్ పేజీలను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో వెతికితే ఆ పేరు మీద ఒకప్పుడు జూదం సైటో, పెద్దలకు మాత్రమే అనే సైటో నడిచినట్టు తెలుస్తుంది, లేదా ఎవరిదో ట్రేడ్‌మార్క్ అని తెలుస్తుంది, వెనక్కి తగ్గుతారు. ఇది పాడకముందు చేయాల్సిన పని, తప్పు వాళ్లదే. కానీ మీ పేరుకు అలాంటి మచ్చ ఏదైనా ఉందేమో మీరూ ఒకసారి చూసుకోండి. ఉంటే తర్వాతి కొనుగోలుదారు కూడా అక్కడే ఆగిపోతాడు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. రెండో బిడ్డర్‌ను 2,100కు తీసుకోమని అడగొచ్చా? అడగొచ్చు. అడగడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ నేనైతే అడగను. ఎందుకో చెప్పాలంటే బిడ్ హిస్టరీ తెరవాలి.

మీరు పెట్టిన స్క్రీన్‌షాట్ ప్రకారం మూడో బిడ్డర్ 640 డాలర్ల దగ్గర తప్పుకున్నాడు. అక్కడి నుంచి 2,150 దాకా పాడినవాళ్లు ఇద్దరే. ఒకడు కట్టనివాడు, ఇంకొకడు మీ రెండో బిడ్డర్. కట్టనివాడిని ఆ జాబితాలోంచి పూర్తిగా తీసేసి మళ్లీ చదవండి. రెండో బిడ్డర్‌కు 640 పైన పోటీ ఎవరున్నారు? ఎవరూ లేరు. నిజాయితీగా జరిగి ఉంటే అతను 650కో, 660కో గెలిచేవాడు. మిగతా 1,400 డాలర్ల పైచిలుకు అంతా, డబ్బు కట్టని మనిషి నోటి మాటతో పెరిగినదే.

దీనికి ఎదురు వాదన ఉంది, నాకు తెలుసు. "అతను 2,100 ఇవ్వడానికి సిద్ధపడ్డాడు కదా, ఎవరు పోటీ అయితే ఏమిటి?" అంటారు. పాట పాడేవాడు తన జేబు ఒక్కటే చూసుకోడు, పక్కవాడి మొహం కూడా చూస్తాడు. ఇంకొకడు ఇంతగా వెంటపడుతున్నాడంటే ఇందులో ఏదో ఉందని పైకి వెళ్తాడు. ఆ పక్కవాడు ఉత్తివాడని తెలిశాక ఆ పేరు అతని కళ్లలో వెంటనే దిగిపోతుంది. పైగా మీ వైపు నుంచి "గెలిచినవాడు తప్పుకున్నాడు, మీరు 2,100కు తీసుకోండి" అన్న మెసేజ్ వెళ్తే అతని బుర్రలో మొదట వచ్చే ఆలోచన ఏమిటో తెలుసా? ఆ గెలిచినవాడు మీ మనిషే అని. మీరే ఇంకో అకౌంట్‌తో ధర పెంచి, పొరపాటున గెలిచేసి, ఇప్పుడు తన దగ్గరకు వచ్చారని.

అలా అనుకోవడానికి ఈ రంగం చరిత్రే కారణం ఇచ్చింది. 2009 నవంబర్‌లో స్నాప్‌నేమ్స్ అనే పెద్ద వేలం సంస్థ స్వయంగా ఒక విషయం ప్రకటించింది. తమ ఉద్యోగి ఒకరు మారుపేరుతో అకౌంట్ తెరిచి 2005 నుంచి తమ వేలాల్లోనే పాటలు పాడాడని, అలాంటివి మొత్తం వేలాల్లో 5 శాతం దాకా ఉన్నాయని. కొన్నింటిలో అతనే గెలిచి, తర్వాత అందులో కొంత డబ్బు గుట్టుగా తనకే వాపసు వచ్చేలా చేసుకున్నాడు. నష్టపోయిన కొనుగోలుదారులకు ఎక్కువ కట్టిన తేడాను 5.22 శాతం వడ్డీతో తిరిగి ఇస్తామని సంస్థ చెప్పింది. ఆ తేడాను లెక్కకట్టిన దారి చూడండి: దొంగ పాటను తీసేసి, అది లేకపోతే ధర ఎక్కడ ఆగేదో అక్కడికి వెనక్కి వెళ్లారు. మీ బిడ్ హిస్టరీని నేను చదివిన పద్ధతి కూడా అదే. ఆ ఏడాది నుంచి పాతకాపు కొనుగోలుదారు ఎవరికైనా "గెలిచినవాడు తప్పుకున్నాడు" అన్న మాట వింటే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

నా సొంత కథ ఒకటి చెప్తాను, పెద్ద గొప్ప కథ కాదు. 2013లో ఒక పేరు 2,400 డాలర్లకు పాట ఆగింది. గెలిచినవాడు పత్తా లేడు. రెండో అతను 2,350. అతనికి అచ్చం మీరు రాయాలనుకుంటున్న మెసేజే పంపాను. "మీ గెలిచినతనికి నా నమస్కారాలు చెప్పండి" అని ఒక్క వాక్యంలో జవాబు ఇచ్చాడు. ఆ వెటకారం ఇప్పటికీ గుర్తుంది. పౌరుషానికి పోయి, 2,300కు తక్కువైతే అమ్మేది లేదని కూర్చున్నాను. రెండేళ్లు రెన్యూ చేశాను. చివరికి ఆ పేరు 700కు పోయింది. కొన్నది ఎవరో కాదు, అదే మనిషి. అప్పటికి అతనికి దాని మీద మోజు తగ్గిపోయింది, నాకు ఓపిక తగ్గిపోయింది. వేలం ముగిసిన మూడో రోజే వెయ్యి అడిగి ఉంటే మారు మాట్లాడకుండా ఇచ్చేవాడు, ఆ మాట తర్వాత అతనే అన్నాడు.

అందుకని మీకు నా సలహా: రెండో అతనికి ముందు నిజం చెప్పండి, తర్వాత ధర చెప్పండి. "గెలిచినతను కట్టలేదు. బిడ్ హిస్టరీ చూశాను, అతని పాటలు తీసేస్తే మీరు 650 దగ్గరే గెలిచేవారు. నేను 1,100 అనుకుంటున్నాను. మీకు కుదిరితే రెండు రోజుల్లో చెప్పండి." 1,100 ఎందుకంటే, 650 అతని హక్కేమీ కాదు, 2,100 మీ హక్కు కాదు. మధ్యలో ఎక్కడో ఇద్దరూ ఒప్పుకునే చోటు ఉంటుంది. అతను 900 అంటే నేనైతే ఇచ్చేస్తాను. మీ పేరు నేను చూశాను. బాగుంది, కానీ బంగారం కాదు. 640కి మించి నిజంగా పోటీపడేవాళ్లు ఆ రోజు ఒక్కరే ఉన్నారంటే మార్కెట్ ఏం చెప్తోందో అర్థం చేసుకోవాలి.

ఇందులో రెండు జాగ్రత్తలు. ఒకటి, మొదటి అమ్మకం రద్దయినట్టు వేలం సైట్ నుంచి రాతపూర్వకంగా వచ్చాకే రెండో అతనితో ధర మాట్లాడండి. లేకపోతే మొదటివాడు పదో రోజు డబ్బు కట్టేస్తే ఒకే పేరు ఇద్దరికి అమ్మినవారవుతారు. రద్దయిన అమ్మకానికి కమీషన్ పడలేదని కూడా అప్పుడే చూసుకోండి. రెండు, రెండో అతనితో బేరం కూడా ఆ సైట్ లోపలే నడపండి. కమీషన్ మిగుల్చుకుందామని బయటకు వెళ్తే చాలా సైట్ల నిబంధనల ప్రకారం మీ అకౌంటే పోతుంది. "రెండో బిడ్డర్ తన పాటకు కట్టుబడి ఉండాలి కదా" అని ఎవరో కింద కామెంట్లలో రాశారు. మామూలు వేలం న్యాయం ప్రకారం పైపాట పడగానే కిందిపాట చచ్చిపోతుంది. సైట్ నిబంధనల్లో వేరేగా రాసి ఉంటే తప్ప అతన్ని బలవంతపెట్టలేరు.

కేసు సంగతి. చట్టం మీ వైపే ఉంది, ఆ మాట ముందు చెప్పాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం, ఎలక్ట్రానిక్ అన్న కారణంతోనే చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెప్తుంది. ఒప్పందం తప్పినవాడు నష్టపరిహారం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ చెప్తుంది. డొమైన్ పేరంటే ఒట్టి చిరునామా కాదు, వ్యాపార గుర్తింపుగా దానికి చట్టపరమైన రక్షణ ఉందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది (మన హైదరాబాద్ సత్యం వాళ్ల సిఫీ పేరు మీద వచ్చిన గొడవే అది). కాబట్టి కాగితం మీద మీకు దారి ఉంది.

కానీ కాగితం వేరు, జేబు వేరు. అతను ఏ దేశంలో ఉన్నాడో మీకు తెలియదు. వేలం సైట్ ఒప్పందంలో తగాదాలు ఎక్కడ తేల్చుకోవాలో ఒక క్లాజ్ ఉంటుంది. అది విజయవాడ అని మాత్రం ఉండదు. పైగా నష్టం అంటే 2,150 మొత్తం కాదు. మీరు మళ్లీ 1,100కు అమ్మితే తేడా 1,050, ఖర్చులు అదనం. ఆ డబ్బు కోసం లాయర్ ఫీజులు పెట్టి ముక్కూ మొహం తెలియని మనిషి వెంట తిరగడం నాకైతే దండగ పనిలా అనిపిస్తుంది. కొన్నది మన దేశపు కంపెనీ అయి, పేరూ చిరునామా తెలిసి, మొత్తం లక్షల్లో ఉంటే మాట వేరు. అప్పుడు లాయర్ నోటీస్ ఒకటి పంపండి. నోటీస్ దగ్గరే చాలావరకు తేలిపోతుంది, కంపెనీలకు రికార్డులో అలాంటివి ఉండటం ఇష్టముండదు.

1930కి ఫోన్ చేయమని కూడా ఎవరో రాశారు. అది సైబర్ మోసాల నంబర్. మీ డబ్బో, మీ డొమైనో పోతే వెంటనే చేయాల్సిన ఫోనే. ఇక్కడ మీదేమీ పోలేదు. కొంటానన్నవాడు కొనలేదు, అంతే. పోలీసులు దాన్ని సివిల్ తగాదా అంటారు, అది సరైన మాటే. అలాగే కోపంలో అతని పేరు, ప్రొఫైల్ గ్రూపుల్లో పెట్టి దొంగ అని రాయకండి. కార్డ్ పనిచేయని కుర్రాడై ఉంటే పాపం, బాగా తెలిసినవాడై ఉంటే పరువునష్టం నోటీస్ మీకే వస్తుంది. సైట్ వాళ్లకు రిపోర్ట్ చేయండి, మీ బ్లాక్ లిస్టులో వేసుకోండి, అక్కడితో వదిలేయండి.

ఇంకో ప్రమాదం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కట్టనివాడి కన్నా, కట్టినట్టు చేసేవాడు ప్రమాదకరం. తొమ్మిది రోజులు ఎదురుచూసి విసిగిపోయిన అమ్మకందారు "డబ్బు పంపాను" అన్న మెసేజ్ రాగానే ప్రాణం లేచివచ్చి, చూడాల్సినవి చూడకుండా డొమైన్ పంపేస్తాడు. మోసగాడికి కావాల్సిన పరిస్థితి అదే.

ముందుగా, స్క్రీన్‌షాట్ పేమెంట్ కాదు. బ్యాంక్ యాప్ తెరిచి బ్యాలెన్స్ చూస్తేనే పేమెంట్. డబ్బు రావడానికి మీరు క్యూఆర్ స్కాన్ చేయాలనో, పిన్ కొట్టాలనో ఎవరైనా అన్నారంటే అక్కడితో మాటలు ఆపేయండి.

పేపాల్ ద్వారా పంపుతానంటే, మొదట తెలుసుకోవాల్సింది 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోనే ఒకరి నుంచి ఒకరికి పేపాల్‌తో డబ్బు నడవడం ఆగిపోయింది, విదేశాల నుంచి వచ్చేది మాత్రమే తీసుకోవచ్చు. బెంగళూరులో ఉన్నానని చెప్పుకుంటూ పేపాల్‌తో పంపుతానన్నవాడిని అక్కడే అనుమానించాలి. నిజంగా విదేశీయుడే పంపినా, కొన్నవాడు 180 రోజుల దాకా డిస్ప్యూట్ వేయగలడు. పెట్టెలో పెట్టి పంపిన వస్తువుకైతే కొరియర్ రసీదు చూపిస్తాం, డొమైన్‌కు ఏం చూపిస్తాం? ఆరు నెలల్లో ఎప్పుడైనా డబ్బు వెనక్కి పోవచ్చు, పేరు మాత్రం వాడి దగ్గరే ఉంటుంది. దొంగిలించిన కార్డుతో కడితే అసలు కార్డ్ యజమాని ఫిర్యాదు చేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. వేలం సైట్ మధ్యలో ఉండి డబ్బు తీసుకుని, అది క్లియర్ అయ్యాక మీకు చెప్పే పద్ధతి ఉంటే ఆ దారిలోనే వెళ్లండి, మీరు కట్టే కమీషన్‌లో సగం ఈ నిశ్చింతకే అనుకోండి.

సైట్ బయట అమ్మకం అయితే ఎస్క్రో వాడాలి, అంటే డబ్బును మధ్యలో పట్టుకుని, పేరు చేతులు మారాక మీకు ఇచ్చే మూడో సంస్థ. ఎస్క్రో డాట్ కామ్ 1999 నుంచి ఉంది, అమెరికాలో లైసెన్స్ తీసుకుని నడుస్తోంది. కానీ కొనేవాడు తనే ఒక లింక్ పంపి "ఈ ఎస్క్రోలో చేద్దాం" అంటే జాగ్రత్త. అక్షరం అటూ ఇటూ మార్చి అసలు సైట్‌లాగే కనిపించే దొంగ ఎస్క్రోలు ఈ రంగం మొదలైనప్పటి నుంచీ ఉన్నాయి. లింక్ నొక్కకుండా చిరునామా మీ చేత్తో టైప్ చేయండి. ఆ ఎస్క్రో పేరు ఎప్పుడు రిజిస్టర్ అయిందో ఆర్‌డాప్‌లో చూడండి (డొమైన్ నమోదు వివరాలు చూపే సేవ ఇది, పాత హూయిజ్ స్థానంలో 2025 జనవరి నుంచి అదే వాడుకలోకి వచ్చింది). పోయిన వారం పుట్టిన ఎస్క్రో కంపెనీకి మీ డొమైన్ ఎందుకు ఇవ్వాలి? పేర్లు అమ్ముకునే మనకే ఒక పేరు వయసు చూడటం గుర్తురాకపోతే ఎలా!

ఇక వచ్చేసారి ఇలా కాకుండా ఏం చేయాలన్నది. పెద్ద సైట్లలో నిబంధనలు వాళ్లవి, మన చేతిలో ఉండేది తక్కువ. బిడ్డర్లకు వెరిఫికేషన్ ఉన్న చోటే పెట్టండి. పేరు విలువ మీకు స్పష్టంగా తెలిస్తే వేలం మానేసి ఫిక్స్‌డ్ ధర పెట్టండి. అక్కడ నొక్కినవాడు కట్టేస్తాడు లేదా వెళ్లిపోతాడు, మధ్యలో పది రోజుల నరకం ఉండదు. నేను ఇప్పుడు ఎక్కువగా అదే చేస్తున్నాను.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో మనమే పాట పెట్టుకుంటాం చూడండి, అక్కడ మాత్రం అంతా మన చేతిలోనే ఉంటుంది, అయినా అక్కడే ఎక్కువమంది ఎగ్గొడతారు. కారణం ఒకటే, ధరావతు అడగడానికి మనకు మొహమాటం. ఊళ్లో చెరువు పాటకు, సంత పాటకు ధరావతు కట్టందే పాటలో నిలబడనివ్వరు. హైదరాబాద్ బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. ఆ ఏడాది పాటలో పాల్గొనాలంటే ముందటి ఏడాది పలికిన 27 లక్షలు ముందే డిపాజిట్ చేయాలని ఉత్సవ కమిటీ షరతు పెట్టింది. దేవుడి ప్రసాదానికే ధరావతు అడిగినప్పుడు, మన డాట్ కామ్‌కు అడగడంలో సిగ్గు దేనికి? బేస్ ధరలో పదో వంతు ముందే తీసుకోండి, ఓడినవాళ్లకు అదే రాత్రి తిరిగి పంపేయండి. వచ్చేవాళ్లు సగానికి తగ్గుతారు. తగ్గిన ఆ సగం ఎవరో ఊహించడం కష్టం కాదు.

కానీ ధరావతు తీసుకున్నాక, గెలిచినవాడు కట్టకపోతే మొత్తం మింగేయొచ్చని అనుకోకండి. దీని మీద మంచి సుప్రీంకోర్టు తీర్పు ఉంది, 2015లో వచ్చిన కైలాష్ నాథ్ కేసు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ 1982లో భికాజీ కామా ప్లేస్‌లో ఒక ప్లాట్ వేలం వేసింది. 3.12 కోట్లకు పాడిన కంపెనీ 78 లక్షలు ముందు కట్టింది. మిగతాది కట్టడం మీద ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. చివరికి అథారిటీ ఆ 78 లక్షలు జప్తు చేసుకుని, అదే ప్లాట్‌ను మళ్లీ వేలం వేస్తే 11.78 కోట్లు వచ్చాయి. కోర్టు ఏమందంటే, ఒప్పందం తప్పింది ఆ కంపెనీ కాదు, పైగా అథారిటీకి నష్టమేమీ జరగలేదు, కాబట్టి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కింద ఆ డబ్బు ఉంచుకోవడం కుదరదు, తిరిగి ఇచ్చేయమంది. మన స్థాయికి దాన్ని దించుకుంటే, ధరావతు ఎంత, ఏ పరిస్థితిలో పోతుంది అన్నది పాటకు ముందే గ్రూపులో రాసి పెట్టాలి. మొత్తం చిన్నదిగా ఉంచాలి. రెండోసారి ఎక్కువకే అమ్ముడైతే మొదటివాడి ధరావతు వాడికి ఇచ్చేయడం నాకు తెలిసిన మర్యాద.

చివరగా మీ గడువు తేదీ. పాట పెండింగ్‌లో ఉంది కదా, కొన్నవాడే రెన్యూ చేసుకుంటాడులే అని ఆగొద్దు. ఇవాళే ఒక సంవత్సరానికి రెన్యూ చేసేయండి. డాట్ కామ్ గడువు దాటితే రిజిస్ట్రార్ ఇచ్చే గ్రేస్ 45 రోజుల దాకా ఉండొచ్చు, కానీ అన్ని రోజులూ ఇవ్వాలని లేదు. ఈలోపే వాళ్లే మీ పేరును వేలంలో పెట్టుకునే రిజిస్ట్రార్లు ఉన్నారు. అదీ దాటితే 30 రోజుల రిడెంప్షన్, అక్కడ వెనక్కి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు మామూలు రెన్యువల్‌కు చాలా రెట్లు. ఆ తర్వాత ఐదు రోజులకు పేరు ఎవరిదైనా కావచ్చు. గడువు దగ్గరపడిందని తెలిస్తే మీ రెండో బిడ్డర్ మీకు 1,100 ఎందుకు ఇస్తాడు? నెలాగి పేరు రాలిపోతే పట్టుకుందామని కూర్చుంటాడు. నేనైనా అదే చేస్తాను.

కాబట్టి వరుస ఇది: ముందు రెన్యువల్, తర్వాత మొదటివాడికి ఆ మెసేజ్. గురువారం సాయంత్రానికి జవాబు లేకపోతే రద్దు కోసం సైట్‌కు రాయండి, రద్దు కాగితం వచ్చాక రెండో అతనికి 1,100 చెప్పండి. అతను ఏమన్నాడో ఇక్కడే రాయండి. 800 కన్నా కిందకు దిగితే మాత్రం ఒప్పుకునే ముందు నాకు ఒక మాట చెప్పండి, ఆ పేరు మీద ఆసక్తి చూపించే చిన్న కంపెనీలు ఒకటి రెండు నాకు తెలుసు.